ఘాటు సర్వీసు

పది నలభై ఒకటికి చిత్తూరులో జెండా ఊపినారు.
మా ముందు ఎర్ర జాగ్వార్, బెంగుళూరు సేటుది,
దాని నీడకు కూడా పాలిష్ పట్టినట్టుంది.
నాది ఆస్టిన్. యాభై ఒకటో సంవత్సరం పుటక.
గుడియాత్తం పాత ఇనుము షెడ్డులో
వెనక సీటు మీద ఒక కోడి పొదుగుతుండగా
నేను బేరం చేసిన బండి.
పిల్లలు దిగేదాకా ఆగి తీసుకుపొమ్మన్నాడు షెడ్డాయన,
ఆగినాను.
తర్వాత ఆరేళ్లు విప్పినాను, బిగించినాను.
పశువుల డాక్టరును,
లోపలికి మోచేతి దాకా చెయ్యి పెట్టి
చూడకుండానే తడిమి తెలుసుకోవడం నా పని.
వానొస్తే ఇప్పటికీ సీట్లోంచి కోడి వాసన లేస్తుంది.

పక్కన చెంగల్రాయులు,
ముప్పైనాలుగేళ్లు ఈ దారిలోనే టికెట్లు కొట్టిన కండక్టరు.
బాణాలు, చుక్కలు గీసిచ్చిన రూటు పుస్తకాన్ని
ఒకసారి తిరగేసి తొడ కింద పెట్టుకున్నాడు.
"మురకంబట్టు దాటనీమ్మా, నేను చెప్తా గదా."
బండి మీటరు మైళ్లలో లెక్కపెడుతుంది,
పుస్తకం కిలోమీటర్లలో,
ఈయన స్టేజీల్లో.

గంటకు ముప్పై ఆరు. పెరగకూడదు, తగ్గకూడదు.
ముందొచ్చినా తప్పే, వెనకబడినా తప్పే.
ఇదేం పందెమక్కా అని నవ్వినాడు మా తమ్ముడు.
పాలు కాచేవాళ్లనడిగితే చెప్తారు, ఇదేం పందెమో.

కాణిపాకం బోర్డు. మామిడి పూత వాసన.
ఎక్కడో గానుగ దగ్గర బెల్లం పొయ్యి.
మలుపొస్తే తలుపు పక్క చిన్న రెక్క లేవాలి,
ఎడమది సగం లేచి మొండికేస్తుంది.
రాయులు కిటికీలోంచి చెయ్యి పెట్టి
బస్సు రేకును కొట్టినట్టు ధన్ ధన్ అని కొడతాడు.
అప్పుడు లేస్తుంది.
"బంగారుపాళెం దిగేవాళ్లుంటే లెయ్యండి!"
వెనక సీట్లో స్పేరు టైరు, జాకీ, నీళ్ల క్యాను.
ఎవరూ లేవలేదు.

మొగిలి ఘాటు.
రెండో గేరు మూలుగుతోంది.
ఒకటికి దించాలంటే క్లచ్చి రెండుసార్లు తొక్కాలి,
నడిమిన ఒక ఊపిరి వదలాలి, బండిదీ నాదీ.
మూడో మలుపులో బానెట్టు కింద తెల్లగా ఆవిరి.
పెట్రోలు పంపు దాకా రాకముందే ఆవిరైపోతోంది.
గోడవారన ఆపి తడి గోనె కప్పినాను,
పంపుకు నా చున్నీ చుట్టినాను.
టమాటా లారీ ఒకటి దిగుతూ ఆగింది.
క్లీనరు పిల్లోడు తల దూర్చి చూసినాడు.
"దీనికి కంప్యూటరు యాడుండాది?"
"నేనే," అన్నాడు రాయులు.

లారీ పోయినాక ఆయన గోడ దగ్గరికి నడిచినాడు.
కొత్త సిమెంటుకూ పాత రాయికీ అతుకున్న చోట
అరచెయ్యి ఆనించి నిలబడినాడు.
"ఎనబై ఏడులో ఈడ
బస్సు రివర్సు తీస్తా ఉంటే
నేను విజిలు లేటుగా ఏసినా."
అంతే.
కింద లోయలో ఎవరో మేకల్ని అదిలిస్తున్నారు.

ఇంజను చల్లబడింది. చెయ్యి పెట్టి చూసినాను,
ఈనిన ఆవు ఒళ్లంత వెచ్చగా ఉంది, అంతే.
స్టార్టు చెయ్యలేదు.
మోరిస్ హారను కొట్టి దాటిపోయింది.
ఇంకొకటి. ఇంకొకటి.
నా మెడలో స్టాప్‌వాచి దాని పని అది చేసుకుంటోంది.

పలమనేరులో టేబులు, గొడుగు, తెల్ల టోపీ కుర్రాడు.
"పద్నాలుగు నిమిషాలు లేటు మేడమ్. కారణం?"
"రేడియేటరు," అన్నాను.
కాణిపాకం దాటి చాలా దూరం వచ్చేసినాం కదా.
రాయులు గొడవకు దిగినాడు:
"ఘాటు సర్వీసుకు పదైదు నిమిషాల దాకా
లేటు రాసే రూలే లేదబ్బోడా, డిపోలో కనుక్కో!"
కుర్రాడు నవ్వి పద్నాలుగే రాసినాడు.

నంగిలి వైపు ఎండ తిరిగింది.
తలుపేసుకుని, అద్దం దించి,
రాయులు బయటి నుంచి రేకు మీద తట్టినాడు.
"రైట్."

రెండో రైట్ కోసం
క్లచ్చి మీద కాలుతో
నేను ఆగినాను.